దాహానికి పచ్చసిరా

అడగందే అమ్మైనా పెట్టదని పెద్దలు ఏ ధైర్యంతో అన్నారో తెలియదు గాని, వారికి హైమావతితో పరిచయం లేదన్నది మాత్రం స్పష్టం. ఆమె అడగకముందే పెట్టే అమ్మ. ఇంకా నిజం చెప్పాలంటే, ఆకలి వేయకముందే పెట్టే అమ్మ. ఎనిమిదేళ్ల శశికి మాటలు రాలేదు. వాడి కనురెప్ప ఒక తీరుగా వాలితే దాహమనీ, చెవి తడుముకుంటే నిద్ర వస్తోందనీ, గోడవైపు తిరిగితే ఉప్మాలో అల్లం ముక్క తగిలిందనీ ఆమె ఎరుగును. జ్యోతిష్కులు గ్రహాలను చూసి చెప్పలేని సంగతులను ఆమె కనురెప్పలను చూసి చెప్పగలదు. బస్టాండు ఎదుట భర్త రామతారకంతో కలిసి నడిపే టిఫిన్ సెంటరులో, ఒక చేత్తో అట్టు తిరగేస్తూనే రెండో చేత్తో కొడుకు నోటికి గ్లాసు అందించగల నేర్పు ఆమెది.

ఇంతటి పరిపాలన సాగే రాజ్యంలో ప్రజలకు నోరెందుకు? శశికీ అదే అనిపించి ఉంటుంది.

మునిసిపల్ హైస్కూలు వెనుక, సైకిళ్ల షెడ్డును ఆనుకుని ఉన్న ప్రత్యేక విద్యా కేంద్రంలో ఎస్తేరు టీచరు ఆ పిల్లవాడికి ఒక బొమ్మకార్డు నేర్పుతున్నారు. అరచేతిలో ఇమిడే అట్టముక్క. దాని మీద స్టీలు గ్లాసు బొమ్మ. దాహమైనప్పుడు ఆ కార్డు తీసి ఎదుటి మనిషి చేతిలో పెట్టాలి. పెట్టగానే నీళ్లు రావాలి. విద్య అంతే. కాని శశి ఇంతవరకు ఆ కార్డును ముట్టుకోనైనా లేదు.

ఇది టీచరుగారి లోపమని హైమావతికి తోచింది. ఒకనాటి సాయంత్రం కొడుకును తీసుకెళ్లడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి అడిగేసింది.

"టీచరుగారూ, వారానికో గంట నేను కూడా క్లాసులో కూర్చుంటానండీ. వాడికేం కావాలో నాకు తెలుసు గదా, పక్కనుండి చెప్పి పెడతాను."

"అందుకే కొన్నాళ్లు వద్దంటున్నానమ్మా," అన్నారు ఎస్తేరు టీచరు నవ్వుతూ. "అడక్కుండానే నీళ్లొస్తుంటే వాడికి అడగాల్సిన పనేముంది? కార్డు అలవాటు కానివ్వండి. తర్వాత రోజూ రండి, నేనే పిలుస్తాను. మీరు నేర్చుకోవాల్సింది కూడా ఒకటుంది."

"నేనా? ఏం నేర్చుకోవాలి?"

"ఊరుకోవడం."

ఆ మాట హైమావతికి ములుకులా దిగబడింది. కన్నతల్లికి ఊరుకోవడం నేర్పే చదువు కూడా ఒకటుంటుందా? సోమవారం అర్జీల దినం. తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాయించుకుని ఆమె జిల్లా కార్యాలయానికి వెళ్లింది.

అక్కడ కొలువు తీరి ఉన్నవారు శ్రీ గరుడాద్రి గారు. వారి హోదా పూర్తి పాఠం: ప్రత్యేకావసర బాలల సమ్మిళిత విద్యా సమగ్ర సమన్వయాధికారి. తలుపు మీది చెక్క చాలకపోవడంతో చివరి పదం పక్క కిటికీ మీదికి పాకింది. ఆయన అప్పుడే రాజధానిలో సామాజిక భాగస్వామ్యంపై జరిగిన సదస్సు నుంచి, మెడలోని గుర్తింపు పట్టీ ఇంకా తీయకుండా, తిరిగి వచ్చి ఉన్నారు. జిల్లాలో ఎవరైనా భాగస్వామ్యం వహిస్తారేమోనని ఆయన కళ్లు కాయలు కాచేలా ఎదురు చూస్తున్న తరుణంలో హైమావతి అర్జీ పట్టుకుని లోపలికి అడుగు పెట్టింది.

"ఆహా!" అన్నారు గరుడాద్రి గారు. "సమాజం తనంతట తానుగా తరగతి గది తలుపు తట్టిన శుభఘడియ ఇది!"

"సమాజం కాదండీ, నేనొక్కదాన్నే. వారానికో గంట..."

"మహాయజ్ఞానికి ఒక్క నిప్పురవ్వ చాలునమ్మా. అయితే తల్లిదండ్రులు తమ బిడ్డల తరగతిలో సేవ చేయవచ్చునా, చేయరాదా అన్నది లోతైన విధాన సమస్య. దానిని ఒక తల్లి నిర్ణయించజాలదు. ఉపాధ్యాయిని బొత్తిగా నిర్ణయించజాలదు. కమిటీయే నిర్ణయించవలె."

కమిటీ సమావేశమైంది. సమస్యతో సంబంధం ఉన్నవారెవ్వరూ సభ్యులుగా లేనందువల్ల చర్చ నిష్పక్షపాతంగా సాగింది. సేవ అనేది స్వచ్ఛందంగా ఉండాలని సగం మంది, అందరూ చేసి తీరాలని సగం మంది వాదించారు. జీడిపప్పు పళ్లెం రెండోసారి తిరిగే వేళకు ఉభయపక్షాలకూ సామరస్యం కుదిరింది. మరునాడు సర్క్యులరు వెలువడింది.

"సదరు కేంద్రములోని బాలల తల్లిదండ్రులెల్లరు తమ సొంత ఇష్టముతో ప్రతిదినము తరగతి గదిలో స్వచ్ఛంద సేవ చేయవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది. ఇష్టము లేనివారు ఇష్టము లేకపోవుటకు గల కారణములను మూడు ప్రతులలో సమర్పించవలెను."

ఆ సాయంత్రం కేంద్రం గుమ్మంలో హైమావతికి మొదటి సన్మానం జరిగింది. చేసినవాడు ఆదియ్య, ఆర్టీసీ బస్సు కండక్టరు, అదే తరగతిలోని పావని తండ్రి.

"ఏం చెల్లెమ్మా! నువ్వడిగింది ఒక్క గంట. అది మా అందరి నెత్తినా మోగింది గదా!"

"నాకేం తెలుసన్నయ్యగారూ, ఇలా అవుతుందని!"

"పొద్దున డ్యూటీ దిగొచ్చి పడుకునేవాణ్ణి. ఇప్పుడు నా ఇష్టం కొద్దీ ఇక్కడికి రావాలంట. నా ఇష్టం గురించి నాకంటే ముందు ఆఫీసుకి తెలిసిపోయింది."

అంతటితో ఆగితే అది ప్రభుత్వ కార్యాలయం ఎందుకవుతుంది? పిల్లల దరిదాపులకు వచ్చే ప్రతి మనిషీ సత్ప్రవర్తన కలవాడై ఉండాలన్నది రెండో సర్క్యులరు. తాము తమ సంతానం సమీపంలో మెలగదగినవారమని గెజిటెడ్ అధికారి చేత పచ్చసిరాతో ధ్రువపరచుకుని రావాలి. పట్టణంలోని గెజిటెడ్ అధికారులలో అడిగినవారికల్లా సంతకం పెట్టే దయాళువు పశువైద్యశాల డాక్టరు ఒక్కరే. కాబట్టి తల్లిదండ్రులందరూ గేదెల వెనుక వరుసలో నిలబడ్డారు.

"శశి అనే బాలుడిని మీరెంతకాలంగా ఎరుగుదురు?" అని డాక్టరుగారు హైమావతిని అడిగారు, కాగితం చూసి చదువుతూ.

"వాడు నా కొడుకండీ."

"అది బంధుత్వమమ్మా. కాగితంలో అడిగింది పరిచయం."

"పుట్టినప్పటి నుంచీ ఎరుగుదును."

"అతని వల్ల మీకు గాని, మీ వల్ల అతనికి గాని ఎన్నడైనా..." డాక్టరుగారు తలెత్తి ఆమె ముఖం చూశారు. మిగిలిన ప్రశ్నలు చదవడం మానేసి, సంతకం చేశారు. "నా అనుభవంలో ఆవుల్ని ఇలాంటివి అడగంలెండి," అన్నారు కాగితం అందిస్తూ.

ఆ విధంగా తన కొడుకు పక్కన కూర్చునేందుకు సర్వాధికారాలూ సంపాదించుకున్న హైమావతి మొదటిరోజు తరగతిలోకి వెళ్లి సరాసరి శశి పక్కన కూర్చున్నది. వెంటనే ఈల మోగింది.

ఈల ఊదిన వ్యక్తి పక్షపాత పర్యవేక్షకుడు. గరుడాద్రి గారికి గతరాత్రే ఒక మహత్తరమైన ఆలోచన తట్టిందట. పదో తరగతి పరీక్షల్లో తన బిడ్డ రాసే హాలుకు ఏ ఉపాధ్యాయుణ్ణీ ఇన్విజిలేటరుగా వేయరు గదా! తల్లి తన బిడ్డకు సహాయం చేస్తే అది కాపీకి సహకరించడంతో సమానం కాదా? అందువల్ల 'స్వసంతాన పక్షపాత నివారణ నిబంధన' అమలులోకి వచ్చింది. తన బిడ్డకు తప్ప ఏ బిడ్డకైనా సేవ చేయవచ్చు. హైమావతికి పావని కేటాయింపు అయింది. శశికి ఆదియ్యను కేటాయించారు.

ఆదియ్యకు పిల్లవాణ్ణి పలకరించడం రాక కాదు, ఒక్క తీరుగానే వచ్చు. "బాబూ, ముందుకు జరుగు. ఆ... రైట్ రైట్" అని వాడి పక్కన కూర్చుని, పైన తిరుగుతున్న ఫ్యాను రెక్కలను చూస్తూ ఉండిపోయాడు.

గదిలో ఇంకో మూల నుంచి హైమావతి చూస్తూనే ఉంది. శశి కనురెప్ప వాలింది. అదే తీరు. దాహం! ఆమె సగం లేచింది.

"ఆంటీ, అటు చూడకు," అన్నది పావని, క్రేయాను కిందపెట్టకుండానే. పదకొండేళ్ల ఆ పిల్లకు లోకం మీద జాలి ఎక్కువ, భయం తక్కువ. "చూస్తే ఈలసారు రాసుకుంటాడు. నా ఏనుగును చూడు."

"చూస్తున్నానమ్మా."

"చూడట్లేదు. నీ కళ్లు అక్కడున్నాయి, తలకాయ ఇక్కడుంది."

శశి కనురెప్ప రెండోసారి వాలింది. ఆదియ్య ఫ్యానునే చూస్తున్నాడు. ఆ రెప్పలో ఏముందో చదవగల పాండిత్యం అతడికి లేదు. శశి అతణ్ణి చూశాడు. గోడను చూశాడు. బల్ల మీది కార్డును చూశాడు. వాడి వేళ్లు మెల్లగా వెళ్లి కార్డు అంచును తాకి, కాసేపు అక్కడే ఆగి, వెనక్కి వచ్చేశాయి.

బడి విడిచాక ఎస్తేరు టీచరు హైమావతిని పక్కకు పిలిచారు. "ముట్టుకున్నాడు, చూశారా? అర్థంకాని మనిషి పక్కన ఉండబట్టి ముట్టుకున్నాడు. ఆ మహానుభావుడు పెట్టిన దిక్కుమాలిన నిబంధన వల్ల ఒక్క మేలు జరిగిందమ్మా. ఇప్పుడొకటి గుర్తుంచుకోండి. వాడు మొట్టమొదటిసారి ఆ కార్డు ఎవరి చేతిలో పెడితే, వాళ్లు ఆ క్షణమే నీళ్లివ్వాలి. ఇవ్వకపోతే ఆ అట్టముక్క ఉత్త అట్టముక్కేనని వాడు తేల్చేసుకుంటాడు. మళ్లీ నమ్మించడం నా తరం కాదు."

హైమావతి ఆ రోజు మొదటిసారి ఊరుకున్నది. ఊరుకోవడం అట్టు తిరగేసినంత తేలిక కాదని కూడా ఆ రోజే తెలిసింది.

ఇంతలో సేవాయజ్ఞం దినదినప్రవర్ధమానమైంది. మొదట తల్లి గాని తండ్రి గాని అన్నారు. తరువాత ఇద్దరూ రావాలన్నారు. పక్క జిల్లాలో అమ్మమ్మలను కూడా నమోదు చేశారని తెలిసి, గరుడాద్రి గారు అమ్మమ్మలతో పాటు మేనత్తలను కూడా చేర్చి ఆ జిల్లాను అధిగమించారు. టిఫిన్ సెంటరుకు తాళం వేసి రామతారకం కూడా వచ్చి, ఎవరి పిల్లవాడో తెలియని ఒక పిల్లవాడికి బూట్లు తొడుగుతూ కూర్చున్నాడు. గది ఉక్కిరిబిక్కిరైంది. అప్పుడు గోడ మీద అగ్నిమాపక శాఖవారు ఎన్నడో తగిలించిన పలక పర్యవేక్షకుడి కంటబడింది. గదిలో పరిమితికి మించి మనుషులు ఉండరాదు. ఎవరిని బయటికి పంపాలి? సేవకుల హాజరు నూటికి నూరు ఉండాలని ఆదేశం ఉంది. పిల్లల హాజరుపై అటువంటి ఆదేశమేదీ లేదు.

పిల్లలను వరండాలోకి పంపించారు.

ఎస్తేరు టీచరు తన బొమ్మలనూ, కార్డులనూ, నీళ్లకుండనూ పట్టుకుని వాళ్ల వెంట వెళ్లిపోయారు. లోపల పెద్దలు చిన్నకుర్చీల్లో మోకాళ్లు గడ్డాలకు ఆనించుకుని కూర్చుని హాజరు పలికారు, ప్రార్థన పాడారు, ఒకరికొకరు గాలి విసురుకున్నారు. తనిఖీకి వచ్చిన గరుడాద్రి గారి కళ్లు చెమర్చాయి.

"అయ్యా," అన్నాడు ఆదియ్య ఉండబట్టలేక, "పిల్లలు లేకుండా సేవ ఎవరికి చేస్తున్నట్టండీ?"

"సేవ ఒక దృక్పథమయ్యా. దానిని అందుకునేవాడు ఉండుట, లేకుండుట కేవలం స్థానిక పరిస్థితి."

"మరి ఖాళీ బస్సుకు టిక్కెట్లు కొడితే మమ్మల్ని సస్పెండు చేస్తారేంటండీ?"

ఆ ప్రశ్న నివేదికలోకి ఎక్కలేదు. ఎక్కినదల్లా ఒక్కటే: రాష్ట్రంలో ఇంతటి భాగస్వామ్యం మరెక్కడా లేదు.

రాజధాని నుంచి ఒక పెద్దాయన స్వయంగా చూడడానికి వస్తున్నారని కబురు వచ్చింది. హైస్కూలు మైదానంలో షామియానా వేశారు. వేదిక మీద నమూనా తరగతి ప్రదర్శించాలి. అయితే అసలు పిల్లలు వేదికపై ఎప్పుడేం చేస్తారో చెప్పలేం గనుక, వారి పాత్రలను కూడా తల్లిదండ్రులే ధరించవలెనని నిర్ణయించారు. శశి పాత్ర హైమావతికే వచ్చింది. స్వసంతానానికి సేవ చేయరాదని నిబంధన చెబుతున్నది గాని, స్వసంతానంగా ఉండరాదని చెప్పడం లేదని పర్యవేక్షకుడు భాష్యం చెప్పాడు. ఆమె మెడలో 'బాలుడు-3' అని పలక వేలాడదీశారు. తల్లి పాత్ర ఆదియ్యది. భుజాన కండువా పమిటలా వేసుకుని వచ్చాడు.

పెద్దాయన వచ్చారు, దీపం వెలిగించారు, కూర్చున్నారు. వేదికకు నిండుదనం చాలలేదని పిల్లల నీళ్లకుండను తెచ్చి అందులో బంతిపూలు నింపి ముందు పెట్టారు. వరండాలో పిల్లలు నీళ్లు లేక ఎండను చూస్తూ కూర్చున్నారు.

ప్రదర్శన మొదలైంది.

"మాతృమూర్తి, బాలుని అవసరాన్ని అతడు వ్యక్తపరచకముందే పసిగడుతున్న దృశ్యం!" అని మైకులో గరుడాద్రి గారు ప్రకటించారు.

ఆదియ్య గ్లాసు తెచ్చి హైమావతి నోట్లో ఒంపాడు. ఆమెకు దాహం లేదు. మింగింది. "మరొక్కసారి, ఫోటో కోసం!" అన్నారెవరో. ఆదియ్య మళ్లీ ఒంపాడు. వద్దని చెప్పడానికి పాత్రలో మాట లేదు. చెయ్యెత్తబోయింది. ఆ చేతిని అతడు ప్రేమగా దించేసి మూడోసారి ఒంపాడు. నీళ్లు ముక్కులోకి వెళ్లి కళ్లు మండాయి.

"తప్పు నాది కాదు చెల్లెమ్మా, స్క్రిప్టులో ఉంది," అని గొణిగాడు ఆదియ్య.

"తెలుసన్నయ్యగారూ," అంది ఆమె, దగ్గు ఆపుకుంటూ. "నేనూ రోజూ ఇంట్లో వాడికిలాగే ఒంపుతున్నాను."

అప్పుడే జనంలో కలకలం రేగింది. వరండా మెట్లు దిగి శశి నడిచి వస్తున్నాడు. వాడి వెనక ఎస్తేరు టీచరు పరుగులాంటి నడకతో వస్తున్నారు. వేదిక మెట్ల దగ్గర పర్యవేక్షకుడు ఆమెను ఆపేశాడు, వేదికనెక్కువారి జాబితాలో ఉపాధ్యాయిని పేరు లేదు. పిల్లవాడి పేరూ లేదు గాని, ఆయన జాబితా చదువుతుండగానే వాడు ఎక్కేశాడు.

శశి తల్లిని చూడలేదు. వాడి చూపంతా బల్ల మీద గరుడాద్రి గారి ముందున్న స్టీలు గ్లాసు మీద ఉంది. బొమ్మలోని గ్లాసే అది. వాడు చెమట పట్టిన గుప్పిట విప్పి, కార్డు తీసి, గరుడాద్రి గారి చేతిలో పెట్టాడు.

మెట్ల కింద ఎస్తేరు టీచరు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నారు.

జీవితమంతా తన చేతిలో పెట్టిన ప్రతి కాగితాన్నీ ఏం చేశారో గరుడాద్రి గారు దీన్నీ అదే చేశారు. అటూ ఇటూ తిప్పి చూశారు. వెనుక ఖాళీ స్థలం కనబడింది. జేబులోంచి కలం తీసి, పచ్చసిరాతో, "పరిశీలించి తగు చర్య నిమిత్తం" అని రాసి, సంతకం చేసి, తేదీ వేసి, చిరునవ్వుతో తిరిగి ఇచ్చారు. కెమెరాలు మెరిశాయి. జనం చప్పట్లు కొట్టారు.

శశి కార్డును చూశాడు. గ్లాసును చూశాడు. మళ్లీ కార్డు ఆయన చేతిలో పెట్టాడు.

"ఆమోదించాం గదా బాబూ!" అన్నారు ఆయన, మైకుకు వినబడేలా. "ఇక సంబంధిత విభాగం నుంచి వస్తుంది."

కార్డు మళ్లీ వాడి గుప్పిట్లోకి వచ్చింది. వాడి చేయి కిందికి వాలింది. వేళ్లు ఒక్కొక్కటిగా వదులు కాసాగాయి.

బాలుడు-3 లేచి నిలబడింది. మెడలో పలకతోనే నాలుగంగల్లో వచ్చి కొడుకు ముందు మోకరిల్లింది. గ్లాసు చేతికందేంత దూరంలో ఉంది. అందుకుని వాడి నోటికి పెట్టేయడానికి ఆమె చేతులు అలవాటు చొప్పున లేవబోయాయి. వాటిని ఆమె బలవంతాన ఆపింది. ఖాళీ అరచేయి ఒక్కటే చాచింది. ఊరుకున్నది.

ఈల మోగింది. ఊరుకున్నది. "స్వసంతానం! స్వసంతానం!" అని పర్యవేక్షకుడు అరిచాడు. ఊరుకున్నది.

శశి ఆ అరచేతిని చాలాసేపు చూశాడు. ఆ చేయి ఎప్పుడూ ఖాళీగా తన ముందుకు రాలేదు మరి. చివరికి కార్డు దానిలో పెట్టాడు.

గరుడాద్రి గారి గ్లాసు మూత తీసి హైమావతి కొడుకుకు ఇచ్చింది. వాడు గటగటా తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, తల్లి చేతిలోంచి తన కార్డు తను తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఉత్తర్వు ఆ సాయంత్రానికే వచ్చింది. "బాలుడు-3 పాత్ర యందుండగా, బహిరంగ సభలో, అధికారికి కేటాయించబడిన జలమును స్వసంతానమునకు ప్రదానము చేసినందున శ్రీమతి హైమావతిని తరగతి లోపల స్వచ్ఛంద సేవకు శాశ్వతముగా అనర్హురాలిగా ప్రకటించడమైనది."

ఆదియ్య దాన్ని రెండుసార్లు చదివించుకుని నొసలు కొట్టుకున్నాడు. "ఇలా తప్పించుకోవచ్చని ముందే చెబితే నేను మా పావనికి ఓ గ్లాసు మజ్జిగ ఇచ్చేవాణ్ణి గదమ్మా!"

మరునాడు అతడు వరండా మధ్యలో నిలబడి, పర్యవేక్షకుడు చూస్తుండగా, పావనికి మజ్జిగ ఇచ్చాడు. పావని సగం తాగి, మిగతా సగం ఈలసారుకు ఇవ్వబోయింది. ఆ వెనుక ఒక నాన్న తన కొడుకు ముక్కు తుడిచాడు. ఒక అమ్మమ్మ మనవరాలికి జడ వేసింది. రామతారకం శశికి బూట్లు తొడిగాడు. వారం తిరక్కుండా కేంద్రానికి వచ్చే తల్లిదండ్రులందరూ తమ పిల్లలపై పక్షపాతం చూపిన నేరానికి శాశ్వతంగా అనర్హులయ్యారు. గది ఖాళీ అయింది. ఎస్తేరు టీచరు బంతిపూలు పారబోసి, కుండ కడిగి, పిల్లలను లోపలికి తీసుకెళ్లారు. సేవ సంపూర్ణమైనందున విరమించడమైనదని గరుడాద్రి గారు నివేదిక పంపి, ఆ సంవత్సరపు ఉత్తమ భాగస్వామ్య పురస్కారం అందుకున్నారు.

"ఇప్పుడు పిలవాలమ్మా మిమ్మల్ని," అన్నారు ఎస్తేరు టీచరు గుమ్మంలో, "కాని మీరు అనర్హులు. ఉత్తర్వులో తరగతి లోపల అని ఉంది, కిటికీ సంగతి రాయలేదు. బుధవారాలు వచ్చి కిటికీ దగ్గర కూర్చోండి. చూడండి. అంతే."

"అంతేనండీ," అంది హైమావతి.

ఎస్తేరు టీచరు శశికి కొత్త కార్డు చేసి ఇచ్చారు. వాడు పుచ్చుకోలేదు. మరకలు పడి, అంచులు నలిగిన ఆ పాతదే వాడికి కావాలి. టిఫిన్ సెంటరులో జనం కిటకిటలాడే వేళ, హైమావతి పెనం మీద అట్టు తిప్పుతుంటే, వాడి కనురెప్ప వాలడం ఆమె చూసింది. చూసి, చూడనట్టే పిండి కలిపింది. కాసేపటికి ఆమె మోచేతిని ఏదో తాకింది. కార్డు బోర్లా ఉంది. పచ్చసిరా అక్షరాలు పైకి కనబడుతున్నాయి.

పరిశీలించి తగు చర్య నిమిత్తం.

హైమావతి పరిశీలించింది. తగు చర్య తీసుకున్నది.